ఆడపిల్లల సంస్థకు హెచ్‌ఆర్ ఎందుకని అడిగేవారికి

హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో, అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే విభాగంలో, ఉద్యోగం వదిలేసి, బస్తీల్లో కిశోర బాలికలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలో అదే పనికి చేరాను. అప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: అక్కడ హెచ్‌ఆర్‌కి పనేముంటుంది? అడిగేవారిలో చుట్టాలున్నారు, పాత సహోద్యోగులున్నారు, చివరికి దాతలూ ఉన్నారు. వారి ఊహలో ఇలాంటి సంస్థ అంటే మంచి మనసున్న ఒక స్థాపకురాలు, ఆమె చుట్టూ అలాంటివారే మరో నలుగురు, వారి చుట్టూ పిల్లలు. మంచి మనసులకు హాజరు పట్టీ ఎందుకు అన్నది వారి సందేహం.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఆడపిల్లల కోసం పెట్టిన సంస్థ ఎలాంటిదో తెలుసుకోవాలంటే వార్షిక నివేదికలోని ఫొటోలు చూడనక్కర్లేదు. అక్కడి బాలికల బృందంలో పెరిగిన పిల్ల ఇరవై దాటాక అక్కడే ఉద్యోగంలో చేరితే, ఆమె చేతికి ఏ కాగితం ఇస్తున్నారో చూడండి. ఆ కాగితం సంగతి చూసే మనిషి ప్రాజెక్టు ప్రతిపాదన రాసే రోజునే బల్ల దగ్గర ఉండాలి. మన సంస్థల్లో మాత్రం ఆ మనిషిని పరిపాలన ఖర్చు అనే గడిలో కూర్చోబెట్టి, ఆడిట్ సమయంలో తప్ప గుర్తుచేసుకోరు.

మంచి మనసు విషయం ముందు తేల్చుకుందాం. ఫీల్డ్ ఉద్యోగానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ నేను ఒక ప్రశ్న అడుగుతాను. పద్నాలుగేళ్ల అమ్మాయి మీ దగ్గరికొచ్చి, "అక్కా, ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే ఏం చేస్తారు? పదిమందిలో ఎనిమిది మంది తడుముకోకుండా ఒట్టు వేస్తామంటారు. ఒకామె నాకే ఎదురు ప్రశ్న వేసింది. "ఒట్టు వేయకపోతే ఆ పిల్ల అసలు నోరు విప్పదు. ఒట్టు వేసి మాట తప్పితే మళ్లీ జన్మలో నన్ను నమ్మదు. మీరైతే ఏం చేస్తారు మేడమ్?" మంచి ప్రశ్న. ఆమెను తీసుకున్నాం కూడా, ఎదురు ప్రశ్న వేసినందుకే.

ఆ పిల్ల చెప్పేది లైంగిక వేధింపు గురించి అయితే, విన్నవారికి మౌనంగా ఉండే వీలు చట్టం ఇవ్వలేదు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచిపెడితే అది ఏడాది దాకా పోతుంది. అందుకే మా శిక్షణలో మొదటి పాఠం ఒట్టు వేయకపోవడం. పిల్ల నోరు విప్పకముందే ఇలా చెప్పాలి: "నువ్వు చెప్పేది నీకు ప్రమాదం తెచ్చేదైతే నేను ఇంకొకరి సాయం తీసుకోవాల్సి వస్తుంది. ఎవరి దగ్గరికి వెళ్తానో ముందు నీకే చెబుతాను." ఈ రెండు వాక్యాలు తడబడకుండా, ముఖం మారకుండా అనడానికి అభ్యాసం కావాలి. మేము ఒకరు పిల్లగా, ఒకరు అక్కగా కూర్చుని మళ్లీ మళ్లీ చేయిస్తాం. ఎంత ప్రేమగల మనిషైనా మొదటిసారి ఒట్టు వేసేస్తుంది. నిజానికి ప్రేమ ఎక్కువున్నవారే ముందు వేస్తారు.

నియామకాల దగ్గర ఇంకో చిక్కుంది. 2020 నాటి పోక్సో నిబంధనలు పిల్లలతో నిత్యం మసలే ప్రతి సంస్థా తన సిబ్బంది నేపథ్యాన్ని పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలంటున్నాయి. పర్మనెంటు, కాంట్రాక్టు అనే తేడా లేదు, పాఠం చెప్పేవారు, వ్యాను నడిపేవారు అనే తేడా లేదు. చేయిస్తాం. కానీ పోలీసు తనిఖీలో బయటపడేది పోలీసుల దాకా వెళ్లిన విషయమే. మన రంగంలో చాలా విషయాలు అంతదాకా వెళ్లవు. అనుమానం వచ్చిన మనిషిని పిలిచి, రాజీనామా రాయించుకుని, "వ్యక్తిగత కారణాలతో స్వచ్ఛందంగా వైదొలిగారు, వారి భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలి" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చి పంపేస్తారు. సంస్థ పరువు నిలబడింది, పిల్లలకున్న బెడద పక్క బస్తీకి వెళ్లింది. అలాంటి ఉజ్జ్వల భవిష్యత్తు కాగితం ఒకటి మా దగ్గరికి వచ్చింది. కాగితం నమ్మకుండా ఫోన్ చేశాను. అవతలి మేనేజరు పది నిమిషాలు ఆయన సమయపాలన గురించి, సాంకేతిక నైపుణ్యం గురించి చెప్పారు. "సరే, మీరైతే ఈయనను మళ్లీ పిల్లలతో పనికి తీసుకుంటారా?" అన్నాను. అటువైపు మాట లేదు. కాసేపటికి, "అది... మా విధానం ప్రకారం అలాంటివి చెప్పకూడదండీ" అన్నారు. నాకు కావలసింది దొరికింది. ఈ ప్రశ్నను మీరు కూడా వాడుకోండి. సమాధానం మాటల్లో రానక్కర్లేదు.

మగవారిని తీసుకోవాలా వద్దా అని కొందరు పెద్ద చర్చ పెడతారు. నాకది పెద్ద సమస్యగా తోచదు. అకౌంటెంటు, డ్రైవరు, కబడ్డీ కోచ్ మగవారైతే తప్పేమీ లేదు. ఏ పెద్దా, ఆడైనా మగైనా, ఒక్క పిల్లతో తలుపు మూసిన గదిలో ఉండకూడదు, వ్యక్తిగత ఫోను నుంచి పిల్లలకు సందేశాలు పంపకూడదు. ఈ రెండు నియమాలు స్థాపకురాలికి కూడా వర్తించాలి. చర్చ అవసరమైంది ఈ చివరి వాక్యం దగ్గరే, అక్కడే ఎవరూ మాట్లాడరు.

ఇక అసలు సంగతి, పే స్లిప్పు.

మా రంగంలో బాగా నడిచే సంస్థలన్నింటికీ ఒక అలవాటుంది. బాలికల బృందంలో చురుగ్గా ఉన్న పిల్లను, ఇంటరో డిగ్రీయో అయ్యాక, అక్కడే ఫెసిలిటేటరుగా, అంటే బృందాలను నడిపే మనిషిగా, పెట్టుకుంటారు. ఇది చాలా మంచి అలవాటు. ఆ బస్తీ ఆమెకు తెలుసు, ఏ ఇంట్లో ఏ అమ్మాయి బడి మానేసేలా ఉందో, ఏ గుమ్మం ముందు ఏ వేళకు నిలబడాలో తెలుసు. పీజీ చదివి బయటి నుంచి వచ్చినవారికి అది తెలియాలంటే ఏళ్లు పడుతుంది. కానీ ఆమెకు ఇచ్చేదేమిటి? స్టైపెండు. నియామక పత్రం ఉండదు. నెలాఖరున ఓచరు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకుంటారు. అడిగితే, "తను మన ఇంటి పిల్ల కదా" అంటారు.

నేను సలహా కోసం వెళ్లిన ఒక సంస్థలో అలాంటి ఇంటి పిల్లను చూశాను. అడ్డగుట్ట వైపు అమ్మాయి. బాలికల సమావేశాలు బడి అయ్యాక సాయంత్రాలే జరుగుతాయి కనుక, ముగించి ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. వాయిదాల మీద ఒక స్కూటరు కొనుక్కుందామని షోరూముకు వెళ్లింది. అక్కడి ఫైనాన్సు కుర్రాడు మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు అడిగాడు. ఆమె దగ్గర ఓచర్ల జిరాక్సులున్నాయి. అతను వాటిని తిప్పి తిప్పి చూసి, "ఇది ఉద్యోగం కాదు కదా మేడమ్" అన్నాడట. మర్నాడు ఆమె స్థాపకురాలి దగ్గరికి వెళ్లి జీతం కాగితం అడిగింది. ఆ పెద్దావిడను అక్కడ అందరూ అమ్మ అనే పిలుస్తారు. ఆమె నిజంగానే మంచిది, ఆ మాట వెటకారంగా అనడం లేదు. ఆవిడ నొచ్చుకుని, "స్కూటరు కావాలంటే నన్నడగాలి గానీ ఈ కాగితాలు ఎందుకమ్మా? నేను కొనిపెడతాను" అన్నది.

ఆ పిల్ల స్కూటరు తీసుకోలేదు. రెండు మూడు నెలల తర్వాత ఒక మందుల దుకాణాల సంస్థలో బిల్లింగ్ కౌంటరులో చేరింది. తర్వాత నేను కలిసినప్పుడు చెప్పింది: "అక్కడ భోజనానికి వెళ్లినా కార్డు గీకాలి మేడమ్, కూర్చోవడానికి స్టూలు కూడా ఇవ్వరు. కానీ ఒకటో తారీఖున జీతం పడుతుంది. పీఎఫ్ నంబరు ఇచ్చారు. ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడు నాన్నకు చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా."

ఆ చివరి మాట మన శిక్షణ పుస్తకాల్లో ఎక్కడుంది? పద్నాలుగేళ్లకు ఆమెకు ఆర్థిక స్వాతంత్ర్యం గురించి చార్టు వేసి చెప్పాం. సొంత బ్యాంకు ఖాతా ఉండాలన్నాం, అడగడం నేర్చుకోమన్నాం. ఆమె నేర్చుకుని వచ్చి మొట్టమొదట అడిగింది మననే. అడిగినదానికి బదులు బహుమతి ఇవ్వజూపాం. అమ్మ దగ్గర ఇంక్రిమెంటు అడగడం ఎలా? అమ్మ మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? ప్రేమతో నడిచే చోట లెక్క అడిగిన పిల్ల కృతఘ్నురాలు అవుతుంది. అందుకే ఆ ఇద్దరి మధ్య ఒక మూడో మనిషి కావాలి. ఎవరికీ అమ్మా అక్కా కాని మనిషి, మేడమ్ అని పిలిపించుకుని, నియామక పత్రం చేతిలో పెట్టే మనిషి. నా ఉద్యోగాన్ని ఇంతకంటే బాగా నేను వర్ణించలేను.

చట్టం ఈ విషయంలో మనం అనుకున్నంత అమాయకంగా లేదు. పదిమంది ఉద్యోగులుంటే వైద్యానికి, ప్రసూతికి ఆదుకునే ఈఎస్‌ఐ బీమా, ఇరవైమంది ఉంటే పీఎఫ్. స్టైపెండు అనో గౌరవ వేతనం అనో పేరు మార్చినంత మాత్రాన పని చేయించుకున్న బాధ్యత పోదని చెప్పడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని అందులో చెప్పింది. గ్రాట్యుటీ అంటే ఉద్యోగం వదిలేటప్పుడు చేతికిచ్చే మొత్తం, ఏదో పెద్ద నిధి కాదు. నెలకు 20,000 వేతనంతో ఐదేళ్లు చేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కేస్తే, సుమారు 57,700 రూపాయలు. బస్తీలో ఒక అమ్మాయి బీఎడ్ ఫీజుకో, ఇంటి అడ్వాన్సుకో అది సరిపోతుంది. దాన్ని ఎగ్గొట్టడానికి పదకొండు నెలల కాంట్రాక్టు, ఒక నెల విరామం, మళ్లీ పదకొండు నెలలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో (లేబర్ కోడ్‌లలో) నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది పనిచేసినా గ్రాట్యుటీ వచ్చేలా పెట్టారు. ప్రాజెక్టుల మీద బతికే మన రంగానికి ఇది పెద్ద మార్పు. పదకొండు నెలల తెలివి ఇంకా ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

ఆ స్మృతుల్లోనే మనకు చేటు చేసేది కూడా ఒకటుంది. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు పరిశ్రమ అనే దాన్ని చాలా విశాలంగా నిర్వచించింది. యజమాని ఉద్దేశం దానధర్మమైనా, జీతానికి పనిచేసే మనుషులతో పద్ధతిగా నడిచే పని అయితే అది పరిశ్రమేనన్నది దాని సారం. కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ దారి మూసింది. పూర్తిగానో, ఎక్కువభాగమో ధార్మిక, సామాజిక, దాతృత్వ సేవ చేసే సంస్థలు నడిపే చోట్లను పరిశ్రమ పరిధి నుంచి తీసేసింది. పీఎఫ్, ప్రసూతి వంటివి వేరే స్మృతి కింద మన మీద ఉంటాయి. కానీ పరిశ్రమ కాదన్నారు కనుక, ఉద్యోగంలోంచి తీసేశారని వివాదం లేవదీసే మార్గం మా ఫెసిలిటేటరుకు ఇరుకైపోయింది, అదే మందుల దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయికి ఉంది. బయట న్యాయం తగ్గినచోట లోపల న్యాయం ఎవరు చూడాలి? ఈ రంగంలో హెచ్‌ఆర్ అవసరం తగ్గలేదు, పెరిగింది అని నేననడానికి ఇదొక కారణం.

డబ్బు మాటకొస్తే దాతలు నొచ్చుకుంటారని తెలుసు. "మేమిచ్చేది పిల్లల కోసం, జీతాల కోసం కాదు" అన్న వాక్యం నేను చాలా సమావేశాల్లో, చాలా మర్యాదగా అనగా విన్నాను. పిల్లల దగ్గరికి వెళ్లేది జీతం తీసుకునే మనిషే అని అంతే మర్యాదగా చెప్పాను. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించినప్పుడు పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఆ ఇరవైలో ఆఫీసు అద్దె, కరెంటు, ఆడిటరు, అకౌంటెంటు, నేను. పిల్లల భద్రత శిక్షణ, ఫిర్యాదుల విచారణ, నేపథ్య తనిఖీ అన్నీ నా పేరు మీద ఉన్నాయి కనుక అవీ ఆ గడిలోకే. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల్లో ఇంకో చిత్రం. అక్కడ పరిపాలన ఖర్చు 5 శాతం మించకూడదన్న నిబంధన కంపెనీ తన సొంత నిర్వహణకు పెట్టుకునే ఖర్చు గురించి. దాన్ని పట్టుకొచ్చి మన బడ్జెట్‌లో గీత గీసేవారు కనబడుతూనే ఉంటారు. నిబంధన కాపీ బ్యాగులో పెట్టుకుని తిరగడం నేను అలవాటు చేసుకున్నాను.

పైగా ఒప్పందాలన్నీ మార్చి 31తో ముగుస్తాయి. కొత్త మంజూరు పత్రం జూన్‌లోనో జులైలోనో వస్తుంది. మధ్యలో బడులకు వేసవి సెలవులు. మా బస్తీల్లో పెళ్లి సంబంధాలు ఎక్కువగా కదిలేది, పిల్లలు పనికి కుదిరేది సరిగ్గా అప్పుడే. ఫీల్డ్ మనిషి అవసరం అందరికంటే ఎక్కువున్న మూడు నెలల్లో ఆమెకు జీతం ఉండదు. ఈ మూడు నెలల కోసం విడిగా నిల్వ నిధి పెట్టమని నేను ప్రతి ట్రస్టీల సమావేశంలోనూ అడుగుతాను. ఇప్పుడు నేను నోరు తెరవకముందే ఆ అంశం అజెండాలో వేస్తున్నారు, నా గొంతు విని విసిగిపోయి అయినా సరే.

ప్రయాణ భత్యం కథ ఇంకోటి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితం. మా ఫీల్డ్ సిబ్బందికి నిజంగా మేలు జరిగింది, బాలికలను బస్తీ దాటించి గ్రంథాలయానికో మైదానానికో తీసుకెళ్లడం తేలికైంది. అయితే ఒక దాత సంస్థ నుంచి వెంటనే ఈమెయిలు: ప్రయాణ ఖర్చు సున్నా చేయవచ్చు కదా? నగరంలో ఉచితం సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే. బస్సు దిగాక జవహర్‌నగర్ లోపలి కాలనీలకు వెళ్లేది షేర్ ఆటో. రాత్రి ఎనిమిదికి బస్సు కోసం ఎదురుచూడలేక ఎక్కేదీ ఆటోయే. షేర్ ఆటో వాడు రసీదు ఇవ్వడు. చివరికి ఆడిటరు సలహాతో, ఆ రోజు అక్కడికి వెళ్లిందనడానికి రుజువుగా జీరో టికెట్టును ఓచరుకు అంటించి, ఆటో ఖర్చు స్వయంగా రాసి సంతకం పెట్టే పద్ధతి తెచ్చాం. సున్నా రూపాయల టికెట్లను వరుసగా కాగితానికి అంటించుకుంటూ మా అకౌంటెంటు గొణిగే మాటలు ఇక్కడ రాయలేను.

ప్రసూతి సెలవు మాత్రం నవ్వుకునే విషయం కాదు. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు జీతంతో ఇవ్వాలి. వేతనం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐలో ఉంటే ఆ డబ్బు అక్కడి నుంచి వస్తుంది. దాటితే సంస్థే భరించాలి. 25,000 జీతమున్న కోఆర్డినేటరు సెలవులో ఉంటే లక్షన్నర, ఆమె బదులు పనిచేసేవారికి మళ్లీ అంత. ఏ ప్రతిపాదన నమూనాలోనూ ఆ గడి ఉండదు. గడి లేదు కనుక కొన్ని సంస్థలు ఇంటర్వ్యూలోనే, మాటవరసకు అన్నట్టుగా, పెళ్లి ఎప్పుడని అడుగుతాయి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి వద్దని గోడల మీద రాసే సంస్థలు, ఇరవై ఆరేళ్ల ఆమెను పెళ్లి చేసుకుంటావా అని అనుమానంగా చూస్తాయి. సిబ్బందిలో అత్యధికులు ఆడవారైన చోట ప్రసూతి ఖర్చు అనుకోని ఆపద ఎలా అవుతుంది? మేము ఇప్పుడు ప్రతి బడ్జెట్‌లో జీతాల మొత్తం మీద ఒక చిన్న శాతం దీనికోసం పక్కన పెడుతున్నాం. కొందరు దాతలు కొట్టేశారు, కొందరు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒప్పుకున్నారు. అడగకపోతే ఆ రెండో రకం ఉన్నారని తెలిసేదే కాదు.

కార్యాలయాల్లో లైంగిక వేధింపుల చట్టం మన రంగం నుంచే పుట్టిందని మన రంగంలోనే చాలామందికి గుర్తులేదు. భన్వరీ దేవి రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పల్లె స్థాయి కార్యకర్త. 1992లో ఏడాది నిండని పాప పెళ్లి ఆపడానికి ప్రయత్నించినందుకు కక్షగట్టి ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆ కేసులో నిందితులు 1995లో ఆ నేరం నుంచి నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ ఘటన వెనకాలే మహిళా సంఘాలు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 నాటి విశాఖ మార్గదర్శకాలు (విశాఖ ఆ సంఘాల్లో ఒకదాని పేరు), వాటి నుంచి 2013 చట్టం వచ్చాయి. ఆడపిల్ల కోసం గడప గడపకూ తిరిగే కార్యకర్త వల్ల వచ్చిన చట్టాన్ని గచ్చిబౌలి అద్దాల భవనాల్లో పక్కాగా అమలు చేస్తారు. మా రంగంలో పేరున్న పెద్దలు అక్కడి అంతర్గత ఫిర్యాదుల కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చుంటారు కూడా. వారి సొంత సంస్థల కమిటీ మాత్రం గోడ మీది కాగితం, అందులో ఒక సభ్యురాలు ఉద్యోగం మానేసి చాలా కాలమైనా పేరు తీయని కాగితం. పని మీద వెళ్లిన ప్రతి చోటూ కార్యస్థలమేనని చట్టంలో ఉంది. బస్తీ సందు కూడా. ఫీల్డులో ఒక ఇంటి పెద్ద తనను ఏమన్నాడో మా అమ్మాయి చెప్పుకోవడానికి ఒక నంబరుందా, ఆ మర్నాడు ఆమెను ఒంటరిగా అదే సందుకు పంపకుండా ఆపే అధికారం ఎవరికైనా ఉందా అన్నదే నాకు ముఖ్యం.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తీసిపారేసేది కాదు. కార్పొరేట్ పద్ధతులు తెస్తే ఉద్యమ స్ఫూర్తి చచ్చిపోతుందంటారు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ వేలాది పిల్లలను పని మాన్పించి బడికి తెచ్చినప్పుడు దాని బలం స్థానిక యువతే. ఆ పనికి దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అలాంటి ఊపు ఏ హెచ్‌ఆర్ విధానంతోనూ రాదు, ఒప్పుకుంటాను. మాదాపూర్ నుంచి నాతోపాటు వచ్చిన కొన్ని అలవాట్లు ఇక్కడ విషమే. ఉదాహరణకు ఫీల్డ్ సిబ్బంది హాజరు కోసం ఒక యాప్ పెట్టమన్నారు. వెళ్లిన ప్రతి ఇంటి ముందు సెల్ఫీ దిగాలి, అది లొకేషన్‌తో సహా పైకి వెళ్తుంది. పెళ్లి తప్పించుకోవడానికి సాయం అడిగిన పిల్ల ఇంటి గుమ్మం ఫొటో, అడ్రసుతో సహా ఎవరి సర్వరులోనో! నేను ఒప్పుకోలేదు, ఇకముందు కూడా ఒప్పుకోను. ఒకరిని పైకి, ఒకరిని కిందికి నెట్టి ర్యాంకులిచ్చే వార్షిక మదింపు కూడా అనవసరం, ఎందుకంటే ఒక బస్తీలో పదిమంది పెళ్లిళ్లు ఆగాయంటే అది ఏ ఒక్కరి ఘనతా కాదు. కానీ నియామక పత్రం కార్పొరేట్ వస్తువు కాదు. ఒకటో తారీఖు జీతం ఉద్యమాలకు శత్రువు కాదు. స్ఫూర్తి పేరుతో నష్టపోయేది ఎప్పుడూ కింది వరసే, పై వరసకు స్ఫూర్తితోపాటు ఇంట్లో మరో జీతం కూడా ఉంటుంది.

మనిషి వెళ్లిపోయేటప్పుడు ఏం చేస్తామన్నది చాలా సంస్థలు ఆలోచించని విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తాను. బాలికకు సంస్థ అంటే బోర్డు కాదు, తన అక్క. ఆ అక్క ఉద్యోగం మారితే పిల్లలు ఆమె పాత నంబరుకే ఫోన్ చేస్తారు. ఆమె ఇప్పుడు ఇంకెక్కడో పనిలో ఉంటుంది, ఎత్తినా చేయగలిగేది తక్కువ. ఎత్తకపోతే ఆ పిల్ల మళ్లీ ఎవరికీ చేయదు. మేము బస్తీకి ఒక సిమ్ కార్డు పెట్టాం. నంబరు బస్తీది, మనిషి మారినా నంబరు మారదు. వెళ్లే ఆమె, వచ్చే ఆమె నెలపాటు కలిసి తిరగాలి, ఇద్దరికీ జీతం. వెళ్లే ఆమె ప్రతి బృందంలోనూ తనే స్వయంగా చెప్పాలి, తను వెళ్లిపోతున్నానని, ఎందుకో కూడా. "కాల్‌సెంటరులో జీతం ఎక్కువ" అన్నది కారణమైతే అదే చెప్పమంటాను. పిల్లలు ఏడుస్తారు, కొందరు అలుగుతారు. ఒకచోట ఒక పదమూడేళ్లది లేచి కొత్తామెను, "నువ్వు ఎన్ని నెలలుంటావు?" అని అడిగింది. కొత్తామె నా వైపు చూసింది. ఆమె నియామక పత్రంలో మూడేళ్లని ఉంది కనుక సమాధానం ఇవ్వగలిగింది. ఈ ఒక్క నెల రెండు జీతాలను దాతలకు అర్థం చేయించడానికి నాకు మిగతా బడ్జెట్ అంతటికీ పట్టినంత సమయం పట్టింది. ఒకే పనికి ఇద్దరా అంటారు. అవునండీ, ఒకే పనికి ఇద్దరే.

ఇవన్నీ జరగాలంటే హెచ్‌ఆర్ అధిపతికి స్థాపకురాలితో "కుదరదు" అనే హక్కు ఉండాలి, అది ట్రస్టీల తీర్మానంలో రాసి ఉండాలి. స్థాపకురాలి మీదే ఫిర్యాదు వస్తే అది నా బల్ల మీద ఆగకుండా ట్రస్టీలకు వెళ్లే దారి ఉండాలి. వేధింపుల ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చన్న సంగతి మొదటి రోజే ప్రతి ఉద్యోగినికీ చెప్పాలి. పదిమంది కూడా లేని చిన్న సంస్థలు ఇదంతా మోయలేమంటాయి. పూర్తి జీతంతో ఒక మనిషిని పెట్టుకోలేకపోవచ్చు, నిజమే. మూడు నాలుగు చిన్న సంస్థలు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు, ఒకే కాంప్లెక్సులో ఆఫీసులున్నవి ఎలాగూ ఒకే అకౌంటెంటును పంచుకుంటున్నాయి.

నగరంలో పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్‌లో ఉన్నవారు చాలామంది నాకు సందేశాలు పెడుతుంటారు, శనివారాలు వచ్చి మీ పిల్లలకు వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడతామని. మీ అభిమానానికి సంతోషం. మా పిల్లలు వ్యక్తిత్వ వికాసం గురించి ఇప్పటికే చాలా శనివారాలు విన్నారు, ఇంగ్లిషులో తమను తాము పరిచయం చేసుకోవడం అందరికీ కంఠతా వచ్చేసింది. రాదలుచుకుంటే ఫిబ్రవరిలో రండి, ఒక పనిదినం సెలవు పెట్టుకుని. కొత్త ఏడాది ప్రతిపాదనలు అప్పుడే రాస్తాం. జీతాల పట్టీలో గ్రాట్యుటీ, ప్రసూతి, రెండు జీతాల నెల, ఏప్రిల్ నుంచి జూన్ వరకు నిల్వ, ఈ నాలుగు వరుసలను దాతల లెక్కల మనుషులు ఒప్పుకునే భాషలో రాసే మనిషి కావాలి. ఆ భాష మీకు వచ్చు. ల్యాప్‌టాప్ మీరే తెచ్చుకోవాలి, మా ఆఫీసులో ఉన్నవి సిబ్బందికే చాలడం లేదు.